ఒకే జీవో

ఆ మార్చి నెలలో మిరపకాయల గోడౌన్‌లో నలుగురు ఆడవాళ్లు చనిపోయినప్పుడు, శవాలను ఊరికి తీసుకుపోకుండా వినుకొండ రోడ్డు మీదే పెట్టి కూర్చుందామని మొదట అన్నది కోటేశ్వరి.

ఆమెది తంగెడుపాలెం. భర్త పేరయ్యా తనూ కలిసి మూడెకరాల్లో పత్తీ మిరపా వేసేవాళ్లు. పేరయ్య నాన్న కాలం నుంచీ ఆ ఇంట్లో ఒకటే పార్టీ. ఆ పార్టీకి ఆమె మండల మహిళా అధ్యక్షురాలు. పేరు పెద్దదే గాని చేసే పని మామూలుది. మీటింగులకు ఆడవాళ్లను ట్రాక్టర్లు ఎక్కించడం, పింఛను ఆగినవాళ్లను ఆఫీసుల చుట్టూ తిప్పడం, ఓట్ల రోజున ముసలివాళ్లను చెయ్యి పట్టుకుని బూతుదాకా నడిపించడం. అప్పుడు అధికారంలో ఉన్నది అవతలి పార్టీ కాబట్టి, ఆఫీసుల్లో ఆమె మాటకు పెద్దగా విలువ ఉండేది కాదు. అయినా తిరిగేది.

గోడౌన్ చైతన్యకృష్ణది. నలభై ఏళ్లవాడు, మిరపకాయలు విదేశాలకు పంపే వ్యాపారం. సీజన్లో చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆడవాళ్లు కాయలకు తొడిమెలు తీయడానికి ఆటోల్లో వచ్చేవాళ్లు. కాయలు ఎవరో పట్టుకుపోతున్నారని అతనికి అనుమానం వచ్చింది. ఆ రోజు పొద్దున తనే వచ్చి నిలబడి, పని దిగేదాకా షట్టరు దించి బయట తాళం వెయ్యమని సూపర్‌వైజరుకు చెప్పాడు. మధ్యాహ్నం సూపర్‌వైజరు తాళంచెవి జేబులో వేసుకుని భోజనానికి వెళ్లాడు. ఆ సమయంలో లోపల ఒక వైరు కాలి, కాయలు కుక్కిన టిక్కీ బస్తాల వరసకు అంటుకుంది. మంట పెద్దది కాదు, తర్వాత నాలుగు బిందెల నీళ్లతో ఆరిపోయింది. చంపింది పొగ. సంచుల్లో రాజుకున్న మిరపకాయల పొగ ఎంత ఘాటుగా ఉంటుందో ఆ సీమలో పసిపిల్లలకు కూడా తెలుసు. లోపల ఉన్నవాళ్లు షట్టరును కొట్టి కొట్టి, చివరికి దాని కిందే ఒకరి మీద ఒకరు పడిపోయారు.

చనిపోయిన నలుగురిలో సర్దార్‌బీ ఒకతె. ఆమె కూతురు నజీరా కూడా ఆ రోజు అక్కడే పనిచేస్తోంది. పైన గాలి కోసం వదిలిన చిన్న కిటికీ ఒకటి ఉంటే, సర్దార్‌బీ కూతుర్ని టిక్కీల మీదికి ఎక్కించి, కాళ్లు పట్టుకుని పైకి తోసింది. సన్నటి పిల్ల కాబట్టి నజీరా అందులోంచి దూరి అవతల పడింది. తల్లి లోపల ఉండిపోయింది.

సర్దార్‌బీ భర్త హయాత్ తంగెడుపాలెం పెద్ద బజారులో పరుపులు కుట్టేవాడు. కోటేశ్వరి వాళ్లదీ వాళ్లదీ ఒకే వీధి. ఆమె హయాత్‌ని అన్నా అనేది, సర్దార్‌బీని వదినా అనేది. నజీరాకు ఆమె అత్త.

పోలీసులు మొదట సూపర్‌వైజరు పేరు ఒక్కటే రాసుకున్నారు. యజమాని పేరు రాసేదాకా శవాలు లేవవని కోటేశ్వరి రోడ్డు మీద కూర్చుంది. పేరయ్య, ఊళ్లో కుర్రాళ్లు, చనిపోయినవాళ్ల మనుషులు అందరూ కూర్చున్నారు. నియోజకవర్గంలో పార్టీ ఇన్‌ఛార్జి లక్ష్మీకాంత్ కారు దిగి వచ్చి, కుర్చీ తెస్తామంటే వద్దని, ఎండలో వాళ్ల పక్కనే తారు మీద కూర్చున్నాడు. సాయంత్రానికి ఎవరో గోడౌన్ మీద రాళ్లు వేశారు, ఒక పోలీసు జీపు అద్దం పగిలింది. చివరికి యజమాని పేరు రాశారు. దాంతోపాటు రోడ్డు ఆపినందుకూ, అద్దం పగలగొట్టినందుకూ పేరయ్య మీదా ఊళ్లో కుర్రాళ్ల మీదా ఇంకో కేసు రాశారు. పేరయ్య ఆ రోజంతా జనానికి మంచినీళ్లు అందించాడే తప్ప రాయి ముట్టుకోలేదు.

తాళం వెయ్యమని చైతన్యకృష్ణ చెప్పడం విన్నవాళ్లు చాలామందే ఉన్నారు. వారం తిరక్కుండానే అందరూ వినలేదనేశారు. కూలి అతని దగ్గరే చెయ్యాలి, కాయలు అతనికే అమ్మాలి. మిగిలింది నజీరా. గుంటూరు ఆస్పత్రి నుంచి వచ్చాక కూడా ఆ పిల్లకు గట్టిగా ఊపిరి తీస్తే దగ్గు తెర వచ్చేది. మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇవ్వాలంటే భయపడింది. కోటేశ్వరి రెండు రోజులు వాళ్లింట్లోనే కూర్చుంది.

"చూసింది చూసినట్టు చెప్పమ్మా. నీకేం కానివ్వను. నీ వెనక నేనున్నా, నా వెనక పార్టీ ఉంది" అంది.

నజీరా చెప్పింది. దగ్గుతూ, ఆగుతూ, అంతా చెప్పింది. బయటికి వచ్చాక కోర్టు వరండాలో కోటేశ్వరి భుజం మీద తల పెట్టి చాలాసేపు ఉండిపోయింది. తన బతుకులో తను చేసిన పెద్ద పని అదేనని కోటేశ్వరి ఆ రోజు అనుకుంది.

మరుసటి ఏడు ఎన్నికలు వచ్చాయి. చైతన్యకృష్ణ నిజానికి ఇదే పార్టీలో టిక్కెట్టు కోసం పాకులాడుతూ ఉన్నవాడు. గోడౌన్ గొడవ తర్వాత పార్టీ అతన్ని దగ్గరికి రానివ్వలేదు. టిక్కెట్టు లక్ష్మీకాంత్‌కు ఇచ్చింది. చైతన్యకృష్ణ ఇండిపెండెంటుగా నిలబడ్డాడు. ప్రచారంలో లక్ష్మీకాంత్ ప్రతి ఊళ్లోనూ చనిపోయినవాళ్ల కుటుంబాలను స్టేజీ ఎక్కించాడు. నజీరా మైకు ముందు మాట్లాడలేకపోయేది. ఊరికే నిలబడితే చాలనేవాడు లక్ష్మీకాంత్. ఆ పిల్ల తల దించుకుని నిలబడితే జనంలో ఆడవాళ్లు కొంగులు కళ్లకు అద్దుకునేవాళ్లు. మన ప్రభుత్వం వస్తే ఆ తాళం వేసినవాణ్ణి లోపల పెట్టి తాళం వేయిస్తానని లక్ష్మీకాంత్ అనేవాడు. కోటేశ్వరి కింద నిలబడి చప్పట్లు కొట్టించేది.

ఓట్లు లెక్కపెట్టిన రోజున లక్ష్మీకాంత్ ఓడిపోయాడు. చైతన్యకృష్ణ గెలిచాడు. పార్టీ మటుకు రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ సీట్లు తెచ్చుకుని, మెజారిటీకి నాలుగు సీట్లు తక్కువగా ఆగిపోయింది.

తర్వాత మూడు రోజులూ ఊళ్లో ఎవరూ పనికి పోలేదు. టీవీల ముందు కూర్చుని ఎవరు ఎటు పోతారో లెక్కలు వేశారు. ఇండిపెండెంట్లు తాడేపల్లి దగ్గర ఏదో హోటల్లో ఉన్నారని ఒక చానెల్, కాదు బెంగుళూరు పోయారని ఇంకో చానెల్. అవతలి పార్టీ ఫలానా ఆయనకు ఫలానా శాఖ ఇస్తామందని పేరయ్యకు గంటకో ఫోను వచ్చేది. మన పార్టీ రావాలని, ఎలాగైనా రావాలని అందరితోపాటు కోటేశ్వరి కూడా దేవుడికి మొక్కుకుంది. అయిదేళ్లు పడ్డ తిప్పలు ఇంక పడలేమని ఆమెకూ ఉండేది.

మూడో రోజు మధ్యాహ్నం టీవీలో కాబోయే ముఖ్యమంత్రి పక్కన నలుగురు నిలబడ్డారు. పార్టీ కండువా వేస్తే ఇండిపెండెంటుగా గెలిచిన సీటు పోతుందట, అందుకని శాలువాలు కప్పారు. మూడో శాలువా చైతన్యకృష్ణకు. పేరయ్య టీవీ ముందు నుంచి లేవలేదు. బయట కుర్రాళ్లు టపాసులు కాలుస్తున్నారు. ప్రభుత్వం వచ్చింది.

"మనోళ్లు వచ్చారు కదా, ముందు అది చూడు" అన్నాడు పేరయ్య కాసేపటికి.

కోటేశ్వరి లేచింది. తలుపు దగ్గరికి వెళ్లి హయాత్ ఇంటి వైపు చూసింది. ఆ ఇంట్లో టీవీ లేదు. అయినా అప్పటికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు.

నెల తిరగకుండా చైతన్యకృష్ణ మంత్రి అయ్యాడు. ఓడిపోయిన లక్ష్మీకాంత్‌కు ఒక కార్పొరేషన్ ఛైర్మన్ పదవి ఇచ్చారు. ఇద్దరూ ఒకే ఫ్లెక్సీలో నవ్వుతూ కనిపించడం మొదలుపెట్టారు. కోటేశ్వరి మీటింగులకు వెళ్తూనే ఉంది. వెళ్లి వెనక వరసలో కూర్చునేది. కేసు కోర్టులో ఉంది కదా, దాని పని అది చూసుకుంటుంది అని తనకు తనే చెప్పుకునేది. నజీరా ఎదురుపడితే మాత్రం ఏదో పని ఉన్నట్టు గబగబా నడిచేది.

పత్తి తీతలు మొదలైన రోజుల్లో లక్ష్మీకాంత్ ఆమె ఇంటికి వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. అరుగు మీద కూర్చుని మజ్జిగ అడిగి తాగాడు. పేరయ్యను కూడా కూర్చోమన్నాడు. గత ప్రభుత్వం మన కార్యకర్తల మీద పెట్టిన కేసులన్నీ ఎత్తేస్తున్నారని చెప్పాడు. రాష్ట్రమంతటా కలిపి హోంశాఖ ఒకే జీవో ఇస్తుందట. అందులో పేరయ్య పేరూ కుర్రాళ్ల పేర్లూ ఉన్నాయి. పేరయ్య ముఖం విప్పారింది. ఆ కేసుకు అతను నెలనెలా కోర్టుకు తిరుగుతూనే ఉన్నాడు. వీధి చివర ఉండే వెంకటరావమ్మ కొడుక్కి కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చి, ఈ కేసు మూలంగానే ఆగిపోయింది. ఆ కుర్రాడు అప్పటి నుంచీ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడడం మానేశాడు.

తర్వాత లక్ష్మీకాంత్ గొంతు తగ్గించాడు. అదే జీవోలో మంత్రిగారి కేసు కూడా ఉందన్నాడు.

కోటేశ్వరి అర్థం కానట్టు చూసింది.

"ఆయన ఒక్కడి కేసూ ఎత్తేస్తే పేపర్లు గోల చేస్తాయమ్మా. అందరివీ కలిపితే అందులో ఒకటిగా పోతుంది. విడదీయడం కుదరదు. వెళితే అన్నీ వెళ్తాయి, ఆగితే అన్నీ ఆగుతాయి" అన్నాడు.

"నలుగురు చచ్చిపోయారండీ" అంది కోటేశ్వరి. "మా ఆయన మీద కేసు ఎందుకు పెట్టారు? ఆ నలుగురి కోసం కూర్చున్నందుకే కదా. రెండూ ఒక కాగితంలో ఎట్లా పెడతారు?"

లక్ష్మీకాంత్ మజ్జిగ గ్లాసు అరుగు మీద పెట్టాడు. తనను ఓడించినవాడికి తను పని చేసిపెట్టాల్సి రావడం తనకూ మింగుడుపడడం లేదన్నాడు. కానీ శాలువాలు కప్పించుకున్న ఆ నలుగురు ఇండిపెండెంట్లూ లేకపోతే ప్రభుత్వం రేపు సాయంత్రానికి ఉండదన్నాడు. ప్రభుత్వం పోతే మళ్లీ వాళ్లొస్తారు, మళ్లీ మన కుర్రాళ్లను తన్నుకుంటూ స్టేషన్లకు ఈడుస్తారు, సాగర్ కాలువ చివరి భూములకు నీళ్లిచ్చే పని ఇప్పుడే మొదలైంది, అదీ ఆగిపోతుంది. చెప్పిందల్లా నిజమే. కోటేశ్వరికి అందులో ఒక్క మాట కూడా అబద్ధమని తోసెయ్యడానికి చేతకాలేదు.

జీవో ఒక్కటే చాలదట. కోర్టు ఒప్పుకోవాలి. చనిపోయినవాళ్ల తరఫు నుంచి ఎవరైనా వచ్చి అడ్డు చెబితే జడ్జి ఆలోచిస్తాడు. మిగతా మూడు కుటుంబాలతోనూ మంత్రిగారి మనుషులు మాట్లాడుకున్నారు. హయాత్ దగ్గరికి వాళ్లు వెళ్తే ఆ ముసలాయన బజారులోకి విల్లు పట్టుకుని వచ్చాడట, దూదిని ఏకే విల్లు. అందుకని కోటేశ్వరి మాట్లాడాలి. ఆ పిల్ల ఆమె మాట కాదనదు.

లక్ష్మీకాంత్ వెళ్లిపోయాక పేరయ్య భార్యను వెళ్లమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆ వారంలోనే వెంకటరావమ్మ వచ్చి కోటేశ్వరి చేతులు పట్టుకుంది. ఆమె ఏమీ అడగలేదు. ఊరికే చేతులు పట్టుకుని ఏడ్చి, పోయింది.

ఆ ఆదివారం కోటేశ్వరి హయాత్ ఇంటికి వెళ్లింది. హయాత్ వసారాలో పరుపు గలీబులో దూది కూరుతున్నాడు. నజీరా గుమ్మంలో కూర్చుని అంచులు కుడుతోంది. దూది ధూళి తగలకుండా ముక్కుకు గుడ్డ కట్టుకుంది. మిరప పనికి పోలేకపోతోంది కాబట్టి ఇంట్లోనే కుట్టుపని చేస్తోంది. కోటేశ్వరి మంచం మీద కూర్చుని, ఎక్కడా ఆపకుండా, లక్ష్మీకాంత్ చెప్పినదంతా చెప్పేసింది. కుర్రాళ్ల సంగతి చెప్పింది. కానిస్టేబుల్ ఉద్యోగం సంగతి చెప్పింది. కోర్టుకు రావద్దని మాత్రం అనలేకపోయింది. ఆ మాట దగ్గర ఆగిపోయింది.

నజీరా ముక్కు మీద గుడ్డ కిందికి లాగింది.

"ఆ రోజు చెప్పమన్నది నువ్వే. ఇవాళ నోరు మూసుకోమంటున్నదీ నువ్వే. ఈ రెండిట్లో నువ్వు నా మంచి కోరి చెప్పింది ఏదత్తా?"

హయాత్ దూది కూరడం ఆపలేదు. కూరుతూనే, ఆ కుర్రాళ్లందరూ బయటపడతారా అని అడిగాడు. పడతారంది. పేరయ్య కూడానా అన్నాడు. అవునంది.

"మా కోసం వచ్చి కూర్చున్న పిల్లలు. వాళ్లు జైలుకు పోతే సర్దార్‌బీ లేచి వస్తుందా" అన్నాడు. "మేం రాములే చెల్లెమ్మా. వెళ్లు."

నజీరా తండ్రి వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది. లోపలి నుంచి దగ్గు వినిపించింది. కోటేశ్వరి లేచి నిలబడింది. కోప్పడితే బాగుండేది, బయటికి పొమ్మంటే బాగుండేది. హయాత్ ఆమెను వీధి గుమ్మందాకా సాగనంపాడు.

కోర్టులో ఆ పని అయిపోవడానికి ఎంతోసేపు పట్టలేదు. ప్రభుత్వ వకీలు కాగితం చదివాడు. మృతుల తరఫువాళ్లకు అభ్యంతరం ఉందా అని జడ్జి అడిగాడు. లేదని వకీలు చెప్పాడు. హాల్లో ఎవరైనా ఉన్నారా అని జడ్జి తల ఎత్తి చూశాడు. కోటేశ్వరి వెనక బెంచీ మీద ఉంది. లేచి నిలబడాలని కాళ్లు కూడదీసుకుంది. రెండు బెంచీల ముందు వెంకటరావమ్మ కొడుకు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆ కుర్రాడి మెడ వెనక భాగం చూస్తూ ఆమె కూర్చునే ఉండిపోయింది. మంత్రి కేసు, ఆ వెంటనే పేరయ్యా కుర్రాళ్ల కేసు, రెండూ పోయాయి.

బయట మంత్రిగారి మనుషులు స్వీటు పాకెట్లు పంచారు. పేరయ్య తీసుకోలేదు. కుర్రాళ్లు తీసుకున్నారు.

ఆ సీజనుకే గోడౌన్ మళ్లీ తెరిచారు. పేరు మార్చారు, రంగు వేశారు. తంగెడుపాలెం నుంచి కూడా ఆటోలు వెళ్లాయి. చనిపోయిన నలుగురిలో ఒకామె చెల్లెలు కూడా ఆ ఆటో ఎక్కడం కోటేశ్వరి చూసింది. ఎందుకు ఎక్కావని అడిగే మొహం ఆమెకు లేదు.

ఒక ఏడాది దాటి కొన్ని నెలలు గడిచాయి. కాలువ పని సగం అయింది. అప్పుడు ఏదో రోడ్ల కాంట్రాక్టు దగ్గర మంత్రికీ ముఖ్యమంత్రికీ చెడింది. చైతన్యకృష్ణ ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని గవర్నరు దగ్గరికి వెళ్లి, మద్దతు తీసేసుకుంటున్నానని చెప్పాడు. అసెంబ్లీలో బలపరీక్ష పెట్టారు. ప్రభుత్వం కొద్ది ఓట్ల తేడాతో పడిపోయింది. అవతలి పార్టీకి కూడా చాలినంతమంది దొరకలేదు. మళ్లీ ఎన్నికలన్నారు. ఈసారి చైతన్యకృష్ణ అవతలి పార్టీ కండువా వేసుకున్నాడు. కాలువ పనికి వచ్చిన పొక్లెయినర్లు ఒక పొద్దున లారీల మీద ఎక్కి వెళ్లిపోయాయి.

లక్ష్మీకాంత్ మళ్లీ వచ్చాడు. ఈసారి అరుగు మీద కూర్చోలేదు, తొందరలో ఉన్నాడు. టిక్కెట్టు తనకే. ఆ హంతకుణ్ణి ఈసారి వదలకూడదన్నాడు. హంతకుడు అనే మాట అతని నోటి వెంట అంత తేలిగ్గా రావడం విని కోటేశ్వరి తల ఎత్తి చూసింది. నజీరాను స్టేజీ ఎక్కించాలట. కేసు తిరగదోడతామని అక్కడే ప్రకటిస్తాడట.

"కోర్టు కొట్టేసిన కేసు మళ్లీ ఎట్లా తెస్తారు?" అంది.

"అదంతా జనం అడగరు కోటేశ్వరీ."

"నేను అడుగుతున్నాగా."

అతను విసుక్కున్నాడు. ప్రభుత్వంలో ఉన్నప్పుడు ఎన్నో చెయ్యాల్సి వస్తుందని, అప్పుడు తప్పలేదని, ఇప్పుడు అవకాశం వచ్చిందని అన్నాడు. తను ఆ ఇంటి గుమ్మం తొక్కనని కోటేశ్వరి చెప్పింది. అయితే ఇంకెవరినైనా పంపుతానన్నాడు. ఆ పిల్ల దగ్గరికి ఎవరిని పంపినా తను రోడ్డు మీదికి వచ్చి జరిగిందంతా చెబుతానంది. లక్ష్మీకాంత్ పేరయ్యతో ఏదో చెప్పి, కారెక్కాడు. మర్నాటికి మండల మహిళా అధ్యక్షురాలిగా జయకుమారి అనే ఇంకొకామె పేరు వాట్సాప్ గ్రూపులో వచ్చింది.

నజీరాను ఎవరూ స్టేజీ ఎక్కించలేదు. దాని అవసరం లేకుండా చేసుకున్నారు. ఒక ఉదయం తంగెడుపాలెం సెంటర్లో పెద్ద ఫ్లెక్సీ లేచింది. పైన పార్టీ నాయకుడు, పక్కన చేతులు జోడించిన లక్ష్మీకాంత్, మధ్యలో చనిపోయిన నలుగురు ఆడవాళ్ల ముఖాలు. కింద ఎర్రటి అక్షరాల్లో, ఈ తల్లుల ఉసురు ఊరికే పోదు అని. సర్దార్‌బీ ఫొటో ఆధార్ కార్డులోది. ఎవరినీ అడగలేదు. అదే ఫ్లెక్సీని నియోజకవర్గంలో ఊరూరా కట్టారు. తంగెడుపాలెంలో నిచ్చెన పట్టుకుని కట్టించినవాళ్లలో పేరయ్య కూడా ఉన్నాడు. దాని గురించి భార్యాభర్తలు ఆ రాత్రి అన్నం దగ్గర పోట్లాడుకున్నారు. కనీసం ఆ చచ్చిపోయినవాళ్ల పేరయినా ఎత్తుతున్నారు కదా అన్నాడు పేరయ్య. కేసు పోయిన రోజున స్వీటు ముట్టనివాడివి ఇవాళ నిచ్చెన ఎట్లా పట్టుకున్నావంది కోటేశ్వరి. నలభై ఏళ్లుగా ఉన్న పార్టీని వదిలి తను ఎక్కడికి పోవాలన్నాడతను.

ఎన్నికలు అయిపోయాయి. ఈసారి ఎవరి మద్దతూ అక్కర్లేకుండా అవతలి పార్టీ పెద్ద మెజారిటీతో గెలిచింది. చైతన్యకృష్ణ కూడా గెలిచాడు. అంతమందిలో అతని అవసరం ఎవరికీ లేదు కాబట్టి మంత్రి పదవి రాలేదు. అతనికీ తొందర ఉన్నట్టు లేదు. లక్ష్మీకాంత్ హైదరాబాదు వెళ్లిపోయాడని, అక్కడ అల్లుడి వ్యాపారం చూసుకుంటున్నాడని అన్నారు. సెంటర్లో ఫ్లెక్సీ కొన్నాళ్లుండి, ఒక రోజు కనిపించకుండా పోయింది.

మిరపకాయలు కోతకొచ్చాయి. కాయలు కల్లాల్లో ఎర్రగా పరిచి ఉన్న ఒక మధ్యాహ్నం అకాల వర్షం దిగింది. అందరూ పరుగెత్తుకుంటూ పొలాలకు పోయారు. కోటేశ్వరి, పేరయ్య తమ కాయలు కుప్పకూర్చి రెండు టార్పాలిన్లు కప్పారు. పక్క కల్లంలో పట్టాలు చాలక రైతు దొరికిందల్లా కప్పుతున్నాడు. సాయం చేద్దామని కోటేశ్వరి అటు వెళ్లింది. అతను విప్పుతున్న పాత ఫ్లెక్సీ గాలికి తిరగబడి ఆమె వైపు తెరుచుకుంది. తడిసిన సర్దార్‌బీ ముఖం. అతను దాన్ని బొమ్మ కిందికి వచ్చేలా తిప్పి కాయల కుప్ప మీద వేశాడు.

కోటేశ్వరి వెనక్కి తిరిగింది. తమ కల్లంలోకి పోయి, కాయల మీద కప్పిన టార్పాలిన్లలో ఒకటి లాగేసింది. పేరయ్య అరిచాడు. ఆమె వినిపించుకోలేదు. దాన్ని పక్క రైతు కుప్ప మీద వేసి, ఆ ఫ్లెక్సీ ఇమ్మంది. అతను వింతగా చూసి ఇచ్చేశాడు. సగం కాయలు వానలో తడుస్తుంటే పేరయ్య అటూ ఇటూ చూసి, చివరికి తన తలమీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని ఊరికే నిలబడ్డాడు.

హయాత్ ఇంటి వసారాలో కోటేశ్వరి ఆ ఫ్లెక్సీ మడత తీసుకుని నిలబడింది. చీర నుంచి నీళ్లు కారుతున్నాయి. కేసు పోయినప్పటి నుంచీ నజీరా ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు కూడా మాట్లాడకుండానే వచ్చి మడత విప్పింది. మిరప గింజలు అంటుకుని ఉన్నాయి. తల్లి ముఖాన్ని అరచేత్తో తుడిచింది. మిగతా ముగ్గురి ముఖాలూ ఒక్కొక్కటే తుడిచింది. హయాత్ గోడకు ఆనుకుని చూస్తున్నాడు.

"ఇవి ఇంకెన్ని ఉన్నాయి?" అంది నజీరా.

ఊరూరా కట్టారని, లెక్క తెలియదని కోటేశ్వరి చెప్పింది. ఎక్కడెక్కడ కప్పుకున్నారో కూడా తెలియదంది.

నజీరా లేచి ముక్కుకు గుడ్డ కట్టుకుంది. చెప్పులు వేసుకుంది. వాన తగ్గనివ్వమని, కల్లాల దగ్గరికి పోతే నీకు ఊపిరాడదని హయాత్ అన్నాడు.

"తగ్గితే మడతలు పెట్టి ఇళ్లల్లో పడేస్తారు నాన్నా. ఇప్పుడైతే అన్నీ కుప్పల మీదే ఉంటాయి" అంది.

కోటేశ్వరి వైపు చూడలేదు, రమ్మనలేదు. వానలోకి దిగి పొలాల దారి పట్టింది. కోటేశ్వరి నాలుగడుగుల వెనక నడిచింది. ముందు నడుస్తున్న పిల్ల మొదటి కల్లం చేరకముందే దగ్గడం మొదలుపెట్టింది. ఆగలేదు.